వేళ్ళు చెదిరిన వీడియో

బల్గేరియాలోని రూసే పట్టణంలో ఉండే వెలినకు తమ్ముడు రుమెన్. పుట్టు చెవిటి. చేతులతోనే మాట్లాడేవాడు. అతను డాన్యూబ్ నదిలో మునిగి చనిపోయిన ఏడాదికి, ఆమె భర్త ఒగ్న్యాన్ పాత క్యామ్‌కార్డర్ టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పదకొండు టేపులూ ఒక్క డిస్కులో పట్టాలని నాణ్యత బాగా తగ్గించి, టేపులు పారేశాడు.

వెలిన ఇన్నాళ్ళూ చూడలేకపోయిన తమ పెళ్ళి వీడియో పెట్టింది. రుమెన్ కెమెరా ముందు నిలబడి ఆమెకేదో చెబుతున్నాడు. ముఖం తెలుస్తోంది గానీ, వేగంగా కదిలే వేళ్ళు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయాయి.

"ఏమంటున్నాడు వెలినా?" పక్కనే కూర్చున్న ఒగ్న్యాన్ అడిగాడు.

"నువ్వే చెప్పు! వాడి నోరు నొక్కేసింది నువ్వేగా."

"మనిషి కనిపిస్తే చాలనుకున్నానే..."

ఆమె పదే పదే వెనక్కి తిప్పి చూసింది. "అక్కా" అన్న సైగ ఒక్కటే పోల్చుకోగలిగింది. ఆ తర్వాత వాడేం చెప్పాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.