వెనకబడ్డ గొంతు

హెడ్‌ఫోన్ల మెత్తల మీద పరాయివాళ్ళ చెమట తుడవడం నా పని. మైకు ముందున్న జాలీకి అంటిన తుంపర్లు కడగడం కూడా. మొదట్లో రోత పుట్టేది. ఇప్పుడు ఆ చెమట కన్నా మా ఆయన మాటలే ఎక్కువ రోత పుట్టిస్తున్నాయి. మా ఇంటి వెనకగదే ఆయన రికార్డింగ్ స్టూడియో. బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. పాడినవాళ్ళ గొంతు తాళానికి వెనకబడితే కంప్యూటర్లో మాట మాటా ముందుకు జరిపి సరిచేసేది మాత్రం నేను. "మా కోడలు ఖాళీయే, ఏదో మౌసు జరుపుతూ కూర్చుంటుంది" అంటుంది అత్తగారు, వచ్చినవాళ్ళందరితో.

ఈరోజు ఓ కొత్తమ్మాయి వచ్చింది. ఇదే తొలి పాట. పల్లవి మళ్ళీ తడబడగానే ఆయన మైకులో "ఏమ్మా, తాళం ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆడపిల్ల ఎవరొచ్చినా ఇదే పాచి జోకు. తర్వాత నావైపు తిరిగి, "కాసేపు చూడు. ఇక దీనివల్ల కాదంటే పంపించేసి ఇంకో అమ్మాయిని పిలుద్దాం" అని ఫోను పట్టుకుని బయటికి పోయాడు.

పాడేచోటికీ నాకూ మధ్యనున్న అద్దం అవతల ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. "నీకేం వినిపిస్తోందమ్మా?" అని అడిగాను.

"నా గొంతు నాకే కాస్త ఆగి వినిపిస్తోందక్కా. దానికోసం నేను ఆగితే పాట ముందుకెళ్ళిపోతోంది."

పెళ్ళైన కొత్తలో అక్కడే నిలబడి, అక్షరం పొల్లుపోకుండా నేనూ ఇదే అన్నాను. "నీ చెవి దోషం అది. నీకు లయ లేదు, ఇంట్లో పాడుకో" అన్నాడాయన. "పాట రాకపోతే ఏమైందిలే, వంట వచ్చుగా" అంది అత్తగారు. నేను నమ్మాను. ఎంతగా నమ్మానంటే, స్నానాల గదిలో కూనిరాగం తీయడం కూడా మానేశాను.

శబ్దానికి మెరుగులు దిద్దే చిన్న ప్రోగ్రాములను, అదే ప్లగిన్లను, ఒక్కొక్కటే ఆపి ఆ పిల్లచేత పాడించి చూస్తూ వచ్చాను. ఏం మారలేదు. చివరికి మిగిలింది, మొత్తం పాట మీద ఆయన పెట్టే ప్లగిన్. స్టూడియో తెరిచిన నాటి నుంచీ అదే. "అది నా ముద్ర, దాని జోలికెళ్ళకు" అంటాడు. శబ్దానికి మెరుగు పెట్టడానికి దానికి కొంత సమయం కావాలి. అది తెమిలేదాకా సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఆపి, అన్నీ కలిపి వదులుతుంది. ముందే రికార్డయిన వాయిద్యాలకు అందువల్ల నష్టమేం లేదు. అప్పటికప్పుడు పాడుతున్న మనిషి గొంతు మాత్రం ఆ మనిషి చెవికి ఆలస్యంగా చేరుతుంది.

దాన్ని ఆపాను. "ఇప్పుడు పాడమ్మా" అన్నాను. పల్లవి వచ్చి తాళం మీద సరిగ్గా కూర్చుంది. ఆ పిల్ల ముఖం విప్పారింది.

అప్పుడే ఆయన లోపలికొచ్చి విన్నాడు. "చూశావా? నాలుగు తగిలిస్తేగానీ దారికి రారు" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఈ గదిలోంచి ఎందరు ఆడపిల్లలు తలొంచుకుని వెళ్ళారో! వాళ్ళ కన్నీళ్ళను కూడా తన గొప్పలో జమ చేసుకునే ఈ మనిషి పక్కనా ఇన్నేళ్ళు కూర్చున్నాను. ఛీ!

ఆయన చూపు తెర మీద పడింది. "దాన్నెవరు ఆపమన్నారు? ముందు పెట్టు."

ఆ పిల్లకి వినబడాలని మైకు మీట నొక్కాను. "నీ లయ తప్పలేదమ్మా. లోపం నీది కాదు, మాది."

మీట మీంచి వేలు తీయకుండానే ఆయనతో అన్నాను.

"పాటలయ్యాక పెట్టుకోండి. ముందు తను పాడాలి. తర్వాత నేను."