పొయ్యిలో కట్టె వేసేదెవరు

చలికాలం రాగానే ఎలిసేయో గిటార్లతో సహా వంటింట్లోకి వచ్చి పడతాడు. ఆయన గిటార్లు తయారుచేసే రేకుల కొట్టం ఇంటికి వేరుగా, పెరడు దాటాక ఉంటుంది. మంచు పడటం మొదలైతే అక్కడ జిగురు గిన్నెలోనే గడ్డకడుతుంది, వేళ్లు మొద్దుబారిపోతాయి. అందుకని ఏటా చలి తగ్గేదాకా భార్య ఓర్ఫెలినా రొట్టెల పిండి పిసికే బల్లకు ఒక కొస ఆమెది, రెండో కొస ఆయనది. పిండిలో చెక్కపొట్టు, సూపులో చెక్కపొట్టు. ఆమె సణుగుడు కొయాయికె పట్టణం దాకా వినిపిస్తుందని పల్లెలో నవ్వుకుంటారు.

కిందటి చలికాలం వంటింటి ఆవిరికి రెండు గిటార్లు అతుకుల దగ్గర విచ్చుకున్నాయి. అందులో ఒకటి పెళ్లిళ్లలో పాడే మనిషిది. నలుగురూ ఆడుతూ ఉండగా, పాట మధ్యలో టక్కుమని నోరు తెరిచింది. మళ్లీ అలా జరిగితే గిటారు కోసం ఈ గుమ్మం తొక్కేవాడుండడు. ఇక కొట్టంలోనే వెచ్చదనానికి ఏదో ఒకటి పెట్టించాల్సిందే.

ఆ మాట ఎలిసేయో అన్నప్పుడు ఓర్ఫెలినా, "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది" అంది. అని, పిండిముద్దను ఎత్తి బల్లకేసి కొట్టిన దెబ్బకు ఆయన ఉలి కింద పడింది.

ఆదివారం ఆమె తమ్ముడు నిబాల్దో వచ్చాడు. పట్టణంలో పొయ్యిలు అమ్ముతాడు. ముగ్గురూ వంటపొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఎలిసేయో ఒకే సొరబుర్రలో మాతే కషాయం పోసి వంతులవారీగా అందిస్తున్నాడు.

"గ్యాసుది పెట్టుకో బావా. అగ్గిపుల్ల గీస్తే చాలు."

"గ్యాసు మండితే గోడలన్నీ చెమ్మగిల్లుతాయి. ఇక్కడి ఆవిరి చాలదనా?" అంది ఓర్ఫెలినా.

"అయితే కరెంటుది."

"మంచు పడ్డ మొదటి రోజే తీగలు తెగుతాయి. ఎరగనట్టు మాట్లాడతావేంరా?"

"సరే, గుళికల పొయ్యి. పొట్టును నొక్కి చేసిన గుళికలు. పొద్దున డబ్బా నింపావా, సాయంత్రం దాకా తనే మింగుతుంది, తనే మండుతుంది. మనిషి అక్కర్లేదు."

"దానికీ కరెంటు కావాలిగా?"

"బ్యాటరీ ఇస్తానక్కా!"

"గరగరమంటుందట. తీగ శ్రుతి చేసేవాడికి చెవి దగ్గర ఆ గోలేంటి?"

నిబాల్దో తల పట్టుకున్నాడు. "నిన్ను చేసుకునేటప్పుడు మా అక్క ఇందులో సగం వంకలు వెతికినా, ఇవాళ నువ్విక్కడ కూర్చునేవాడివి కాదు బావా."

"అప్పుడు బాగా చలిగా ఉంది. వెతికే ఓపిక లేకపోయింది" అంది ఓర్ఫెలినా.

ఎలిసేయో నవ్వి, ఆమె వంతు మాతే చేతికిచ్చాడు. వాళ్లకింకా యాభై నిండలేదు, అయినా పెళ్లయిన కొత్తలోనే ఒకరినొకరు ముసలి అని పిలుచుకోవడం అలవాటయింది.

"గుళికలదే తీసుకుందాం ముసల్దానా. కట్టెలదైతే మళ్లీ నీకే చాకిరీ. చేతికి జిగురున్నప్పుడు నేను లేవలేను, పోయినేడు నీ నడుం పట్టేసింది. ఇదైతే నువ్వు పెరడు దాటక్కర్లేదు. నీ వంటిల్లు నీకుంటుంది, సూపులో పొట్టు ఉండదు. సంతోషమేగా?"

ఆమె మాతే చివరి చుక్క దాకా పీల్చి, బుర్ర తిరిగి ఇస్తూ, "థాంక్స్" అంది.

ఎలిసేయో చేతిలోని కెటిల్ గాల్లోనే ఆగిపోయింది. మాతే దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం: నాకిక చాలు, పోయకు. కెటిల్ అడుగంటేదాకా ఓర్ఫెలినా ఎన్నడూ ఆ మాట అనలేదు. ఇవాళ అది రెండో వంతుకే వచ్చింది.

నిబాల్దో ఇద్దరినీ చూసి లేచాడు. "కొట్టం కొలతలు తీసుకొస్తా" అని, కొలిచే టేపు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు ఎలిసేయో.

"ఏం లేదు. పొయ్యి పెట్టిస్తున్నావుగా, అందుకే థాంక్స్ అన్నా."

"మాతే చేతికిచ్చి అనే మాటా అది?"

నోరు జారిందని చెప్పబోయింది. కానీ జారి బయటపడింది మనసులోని మాటే. నిండు చలికాలం పొద్దుల్లో ఆయన పలుచటి చెక్కను ఆమె చెవి దగ్గర పెట్టి వేలితో తట్టి, "మోగుతోందా?" అని అడుగుతాడు. ఆమె పిండి చేతులతో అలాగే నిలబడి విని, మోగుతోందనో లేదనో చెబుతుంది. ఆమె లేదన్న చెక్క పొయ్యిలోకి పోతుంది. మిగిలిన కాలమంతా ఆయన కొట్టంలో, ఆమె ఇంట్లో. సణగడానికైనా మనిషి ఎదురుగా ఉండేది ఆ నాలుగు నెలలే.

"ఆ డబ్బా తనే మింగి తనే మండితే, నేను అక్కడికి ఏ వంకన రాను ముసలాడా?" అంది నేలచూపులు చూస్తూ.

ఆయన కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.

"మరి నీ నడుం?"

"నా నడుం సంగతి నేను చూసుకుంటా. ఈ ఆవిరిలో నీ పని చెడుతోందని నాకు తెలీదా? వెళ్లు, నేనేం అడ్డుపడను. కాకపోతే కట్టెల పొయ్యి పెట్టించు. చేతికి జిగురున్నవాడు లేవలేడన్నావు కదా."

"లేవలేడు."

"ఎవరో ఒకరు కట్టె వెయ్యాలిగా."

"వెయ్యాలి" అన్నాడాయన. మొహంలోకి మెల్లగా వెలుగొచ్చింది. "కట్టెలు కొట్టేదీ మోసేదీ నేనే. పొద్దున్నే తెచ్చి పొయ్యి పక్కన పేరుస్తా. నువ్వొచ్చి వెయ్యి, అంతే. కింద రేకు పరిచి, చుట్టూ ఇటుక కట్టిస్తా. రవ్వ ఎగిరినా భయముండదు."

"పిండి కలిపేసి వస్తా. ఆలస్యమైతే అరవకు."

నిబాల్దో చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "ఏమంటారు, గుళికలదేనా?"

"కట్టెలది" అన్నాడు ఎలిసేయో.

"అయ్యో బావా, బూడిద, మసి, గంటకోసారి మనిషి వెళ్లి చూసుకోవాలి..."

"ఆ గంటకోసారి వచ్చే మనిషే కావాలిరా."

నిబాల్దో అక్క వంక చూశాడు. ఆమె పొయ్యి మీది కెటిల్ తీసి, తన చేత్తోనే మాతే పోసుకుంటోంది.

"సరే, పెద్దదే పంపుతా. లావు దుంగ ఒకటి పడేస్తే పూటంతా కాలుతుంది."

"వద్దు" అంది ఓర్ఫెలినా. "చిన్నది చూడు. సన్న కట్టెలు పట్టేది, తొందరగా అయిపోయేది."