మూడు అంగుళాలు తక్కువ

ముప్పై తొమ్మిది. మళ్లీ కొలిచినా ముప్పై తొమ్మిదే.

"పొద్దునే కొలిచారుగా అత్తయ్యా" అంది కోడలు, చేతులు పైకెత్తి నిలబడి.

"టేపు సాగిందేమోనని."

వీధిలో అందరూ ఆవిడను టేపు అత్త అంటారు. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా గడియకు తగిలించి వెళుతుందని ఒక వేళాకోళం. ముప్పై ఏళ్లలో చొక్కాలు, జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు లెక్కలేనన్ని కుట్టింది గానీ, సాగే బట్ట జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఇప్పుడు కోడలు సోమవారం కొత్త ఆఫీసులో చేరబోతోంది. ఒంటికి అతికినట్టుండే పెన్సిల్ స్కర్టు కావాలని నల్లటి నిట్ బట్ట, దాన్ని కోయడానికో కాగితం ప్యాటర్న్ తెచ్చి అత్తగారి బల్ల మీద పెట్టింది.

చిక్కంతా ఆ కాగితంతోనే వచ్చింది. పిరుదుల కొలత ముప్పై తొమ్మిది ఉన్నవాళ్లకని కవరు మీద అచ్చేశారు. లోపలి ముక్కలు కలిపి చూస్తే, కుట్టులో పోయేది పోగా, ముప్పై ఆరే వస్తోంది. లోకంలో ఎక్కడైనా మనిషి కంటే బట్ట చిన్నదిగా ఉంటుందా?

ముందు కాగితాన్ని తిట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని తనకే అనిపించి ఊరుకుంది. తర్వాత బట్టను తిట్టింది. బల్ల మీద పరిస్తే ఒక కొలత, చేత్తో ఎత్తి పట్టుకుంటే ఇంకో కొలత. మాట మీద నిలబడని మనిషితో బేరం ఆడినట్టుంది. బట్టదీ తప్పు కాకపోతే ఇక తప్పెవరిది? చివరికి తన బుర్ర మీదే అనుమానం వచ్చింది.

ఆవిడ అక్కకు ముందు పోయినవి అంకెలే. గుండీలు లెక్కపెడుతూ ఆరు దగ్గర ఆగిపోయేది. ఏడాది తిరక్కుండానే సొంత చెల్లెల్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు" అని అడిగింది. అంకెలు పోతే తన దగ్గర మిగిలేదేముంది? కోడలిని అడగవచ్చు, ఆ పిల్ల చదువుకున్నది, ఇట్టే చెబుతుంది. కానీ అడిగితే సంగతి బయటపడుతుంది. అడగలేదు.

పెద్దది చిన్న చేయవచ్చు, చిన్నది పెద్ద చేయలేం అన్నది ఆవిడకు వేదం. పాత వార్తాపత్రిక మీద ప్యాటర్న్ గీసి, దానికి మూడు అంగుళాలు కలిపి, ఊపిరాడటానికని ఇంకో రెండు కలిపి, కళ్లు మూసుకున్నంత పని చేసి కత్తెర వేసింది.

శనివారం కోడలు తొడుక్కుని చూసింది. చేయి వదలగానే స్కర్టు మోకాళ్ల దాకా జారింది.

"ఇందులో నేనూ మీ అబ్బాయీ ఇద్దరం పడతాం అత్తయ్యా."

టేపు అత్త ముఖం పాలిపోయింది. కోడలు నవ్వు ఆపి, అంచు పట్టుకుని మెల్లగా లాగి చూపించింది. "చూడండి, ఇది సాగుతుంది. అందుకే మనిషి కంటే తక్కువ కోస్తారు. తొడుక్కున్నాక సాగి ఒంటికి పడుతుంది."

"అంటే, కావాలనే మూడు తగ్గించారా?"

"కావాలనే."

"అయితే నా లెక్క తప్పు కాదు."

"మీ లెక్క ఎప్పుడు తప్పింది?"

కొండంత బరువు దిగింది. ఎందుకో చెప్పకుండానే, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది టేపు అత్త. కూర్చున్న పళాన అయిదు అంగుళాలూ లోపలికి పట్టి జిగ్‌జాగ్ కుట్టు వేసింది. ఈసారి స్కర్టు కోడలికి కొలిచి పోతపోసినట్టు కుదిరింది.

బల్ల సర్దుతూ ప్యాటర్న్ కాగితాన్ని మడవబోయింది. వెనకవైపు నీలం పెన్సిలుతో ఏదో రాసి ఉంది. 'సాగే బట్ట. 3 తక్కువే ఉండాలి. కలపకు.' మూడుకు కింద తోక ఉంది. అలా తోక పెట్టి మూడు రాసేది ఆ ఇంట్లో ఒక్కరే.

తను ఎప్పుడు రాసిందో ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

"ఎన్నిసార్లు చెప్పావమ్మా నాకు?"

కోడలు గిన్నె తుడవడం ఆపింది. కాగితం చూసింది. "బట్ట తెచ్చిన రోజు ఒకసారి. బుధవారం ఒకసారి."

"మరి ఇవాళ మొదటిసారి చెబుతున్నట్టు చెప్పావేం?"

"మీరు మొదటిసారి వింటున్నట్టు విన్నారు అత్తయ్యా."

టేపు అత్త ముక్కాలిపీట మీద కూలబడింది. భయం వేసింది, కోపం కూడా వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. "మా అక్క సంగతి నీకు తెలుసుగా" అంది.

"తెలుసు. సోమవారం ఆఫీసు నుంచి తొందరగా వస్తాను. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

"ఆ స్కర్టుతోనే రా. ఎవరు కుట్టారో ఆయనకు చెప్పు."

"చెప్తాను."

ఆవిడ చెవి వెనక నుంచి పెన్సిలు తీసింది. కాగితాన్ని ముందువైపుకు తిప్పి, 'కలపకు' అని ఈసారి కంటికి ఆనేలా పెద్ద అక్షరాలతో రాసింది. దాని కింద, కోడలు చెప్పినది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టి, అంకె వేసి, కింద తోక పెట్టింది.

"ఇవాళ్టితో మూడేగా?" అని అడిగింది.

"మూడే అత్తయ్యా" అంది కోడలు.