ఎడమ డొక్కకు ఊక

ఫిలింనగర్ గుట్ట మీద రాయి పేలిన ప్రతిసారీ కస్తూరి చచ్చిపోయేది. నిజం చావు కాదు, సినిమా చావు. ముందుకాళ్లు మడిచి, ఎడమ పక్కకు ఒరిగి, మెడ నేలకు ఆనించి, కళ్లు తెరుచుకునే పడి ఉండేది. ఆదినారాయణ దగ్గరికొచ్చి "కట్" అన్నాకే లేచేది. ఇంకెవరన్నా లేవదు. అలా నేర్పింది ఆయనే. షూటింగులో సవాలక్ష నోళ్లుంటాయి. పక్క ఫ్లోర్లో ఎవడో కట్ అంటే ఈ గుర్రం లేచి షాటు పాడుచేస్తుందని, తన గొంతు తప్ప మరో గొంతు చెవికెక్కకుండా చేశాడు. తుపాకీ పేలగానే పడేట్టు, అదీ ఎప్పుడూ ఎడమకే పడేట్టు కూడా నేర్పాడు, కెమెరా ఎక్కడ పెట్టాలో వాళ్లకి ముందే తెలియాలి కాబట్టి.

బాపట్ల నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో కాపురం పెట్టిన దగ్గర్నుంచి ఆయన పని అదే, గుర్రాలకు పడడం నేర్పడం. తెర మీద సైన్యాలు కూలుతుంటే జనం ఈలలేసేవాళ్లు. ఆయన పేరు మాత్రం ఏ తెర మీదా పడలేదు. సరే, అది వేరే గొడవ. ఇప్పుడు గుర్రాలను కంప్యూటర్లో పుట్టించి కంప్యూటర్లోనే చంపుతున్నారు. అదీ మంచిదే. కానీ నేర్చుకున్న గుర్రం మర్చిపోదు. కస్తూరికి పని పోయింది, చావు మిగిలింది.

షేక్‌పేట వైపు దిగే రోడ్డు పక్కన ఒక నిర్మాతకున్న ఖాళీ స్థలంలో ఆదినారాయణ రేకుల షెడ్డేసి దాన్ని ఉంచాడు. పక్క స్థలంలో అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కార్లు పెట్టుకోవడానికి భూమిలోకి మూడంతస్తులు తవ్వుతున్నారు, అంతా రాయి. రాయిని పేల్చాలి. పేల్చినప్పుడల్లా పక్కన ఒక గుర్రం కూలుతోందని వాళ్లకు తెలియదు. తెలిస్తే మాత్రం ఆపుతారా?

ఒకనాడు ఆదినారాయణ బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కస్తూరి పడి ఉంది. ఎప్పుడు పడిందో ఎవరూ చెప్పలేకపోయారు. కంటి మీద ఈగలు వాలుతున్నా రెప్ప వెయ్యడం లేదు. తాపీమేస్త్రీలు చుట్టూ చేరి నీళ్లు చల్లుతున్నారు. ఆయన "కట్" అనగానే లేచింది కానీ, కాళ్లు మొద్దుబారి తూలి గోడకు కొట్టుకుంది. ఆ సాయంత్రమే కూతురు గీతిక తేల్చి చెప్పింది. ఇంకొకసారి ఇలా అయితే ఇది లేవదు నాన్నా, చోటు మార్చాల్సిందే అంది.

గీతిక గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఆఫీసుకెళ్లే ముందు రోజూ కస్తూరి ఒళ్లు తోమి, జూలు దువ్వి వెళ్లే పిల్ల. చోటు వెతికే పని ఆమే నెత్తినేసుకుంది. రెండు తేలాయి. ఒకటి శంకర్‌పల్లి దాటాక జంగమ్మ అనే ఆమె నడిపే గుర్రపుసాల. రేకులు, వేపచెట్లు, ఈగలు, తుప్పు పట్టిన గేటు. కానీ వెనక పెద్ద బీడు ఉంది, చుట్టుపక్కల క్వారీ లేదు. రెండోది ఫిలింనగర్లోనే, గుట్ట వెనక. మూతపడ్డ స్టూడియోలోని పాత షూటింగ్ ఫ్లోరును గుర్రపుసాలగా మార్చారు. కింద రబ్బరు పరుపులు, వాటి మీద ఊక, పైన ఫ్యాన్లు, ఎప్పుడూ కడిగినట్టుండే తొట్లు. అన్నిటికంటే పెద్ద సంగతేమిటంటే, అది సౌండు రాని ఫ్లోరు. మందపాటి గోడలకు లోపల జనపనార పరుపులు కుట్టి ఉంటాయి. బయట గుట్ట పేలినా లోపలికి వినపడదు.

ఆదినారాయణకు ఇక ఆలోచించేందుకేం లేదు. దగ్గరా ఉంది, బాగానూ ఉంది. ఇంటి నుంచి ఆటోలో వెళ్లి రోజూ చూసుకోవచ్చు. శంకర్‌పల్లికి మెహదీపట్నంలో బస్సు మారి వెళ్లేసరికి పూట గడిచిపోతుంది. ఆయన మోకాళ్లకు వారానికి ఒకసారి వెళ్లడమే గొప్ప.

"రోజూ కంటితో చూసుకోని గుర్రం మనది కాదమ్మాయ్," అన్నాడు. "పెళ్లి బాజాకి టపాకాయ పేల్చారనుకో. పడిపోద్ది. కట్ ఎవరు చెప్తారు, జంగమ్మా?"

జంగమ్మను ఆ ప్రశ్న అప్పటికే అడిగింది గీతిక. ఆమె నవ్వి, ఫోన్ చేసి స్పీకర్లో పెడతానంది. "మీ నాయిన గొంతే గద కావాల్సింది. గాడికెల్లి అరిస్తే గీడ ఇనిపియ్యదా ఏంది?"

తండ్రి ఒప్పుకోలేదు. ఫోన్లో చెప్పేసి ఊరుకోవడానికి అదేమన్నా కొరియరా అన్నాడు. ముందు ఫ్లోరు చూద్దాం, గుర్రాన్నీ తీసుకెళ్దాం, అది నిలబడితే నిలబడినట్టే అన్నాడు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఫ్లోర్లో ఆయన ఎన్నో ఏళ్లు పనిచేశాడు. అక్కడికి మళ్లీ వెళ్లాలని మనసు లాగింది.

మధ్యాహ్నం ఎండలో కస్తూరితో సహా వ్యాన్ దిగారు. మేనేజరు సాయిశ్రీనివాస్ ఎదురొచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చెవిలో బ్లూటూత్. తలుపు పైన పాత ఎర్రబల్బు ఇంకా ఉంది. షాటు జరుగుతుంటే అది వెలిగేది. అది వెలిగినంతసేపూ మంత్రి వచ్చినా తలుపు తియ్యకూడదు. బల్బు చూసి ఆదినారాయణ ఇంకా ఉంచారే అని మురిసిపోయాడు. యాంటిక్ లుక్ కోసం ఉంచామని, వైరింగ్ పీకేసి చాలా కాలమైందని మేనేజరు చెప్పాడు. నిజమే. రెండు వైర్లు తెగి వేలాడుతున్నాయి.

లోపల చల్లగా ఉంది. రెండు వరసల్లో చెక్క గదులు. ప్రతి గదిలోనూ ఒక గుర్రం. ఒక్కటీ తల తిప్పలేదు. కొత్త గుర్రం లోపలికొస్తే పాత గుర్రాలు సకిలిస్తాయి, నేల తన్నుతాయి, కనీసం వాసన చూస్తాయి. ఇవేం చెయ్యలేదు. అసలు ఆ సాలలో గుర్రం వాసనే లేదు. ఆదినారాయణకు అది శుభ్రంగా కనిపించింది.

"మన గుర్రాలేనమ్మాయ్," అన్నాడు సంబరంగా. "ఆ నల్లదీ, ఆ చుక్కబొట్టుదీ నా చేతుల మీద తయారయినవే. అందరూ కొనుక్కెళ్లి చివరికి ఇక్కడ చేర్చారన్నమాట."

మేనేజరు నవ్వాడు. ఇక్కడున్నవన్నీ సినిమా గుర్రాలే సర్, ఏదీ గొడవ చెయ్యదు, చివరి గది మాత్రం ఖాళీ, అది మీకే అన్నాడు. అంతలో ఫోనొచ్చి బయటికెళ్లాడు. వెళ్తూ వెళ్తూ అలవాటుగా తలుపు లాగేశాడు. బయటి రోడ్డు హోరు కత్తిరించినట్టు ఆగిపోయింది. తమ ఊపిరి తమకే వినపడేంత నిశ్శబ్దం.

గీతిక కస్తూరి పగ్గం పట్టుకుని గదుల వెంట నడిచింది. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి చూసుకుంటూ వెళ్లింది.

"నాన్నా, వీటి ఒళ్లు చూడు."

"ఏముంది? నిగనిగలాడుతున్నాయి."

"ఎడమ డొక్క చూడు. అన్నిటికీ ఎడమ డొక్కకే ఊక అంటుకుంది. కుడివైపు ఒక్కదానికీ లేదు."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. గుర్రం ఇష్టంగా పడుకుంటే ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుకుంటుంది. ఊక రెండు పక్కలా అంటుతుంది. గీతిక రోజూ తోమే పిల్ల, ఆమెకు తెలియకుండా ఉండదు. ఎడమకే అంటిందంటే పడుకోలేదన్నమాట. పడ్డాయన్నమాట. సౌండు రాని చోట, ఏ సౌండుకి?

ఖాళీ గదిలో కొత్త ఊక పరిచి ఉంది. మధ్యలో పొడుగ్గా ఒక పల్లం. ఆయన వంగి చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

ఆయన లేవబోతుండగా అన్నీ ఒక్కసారిగా కూలాయి. ఏ చప్పుడూ లేదు. తుపాకీ లేదు, కేక లేదు, చిటికె లేదు. నల్లదీ, చుక్కబొట్టుదీ, తక్కినవీ ముందుకాళ్లు మడిచి ఎడమకు ఒరిగాయి. గీతిక చేతిలోని పగ్గం జర్రున జారింది. కస్తూరి కూడా పడింది.

ఆదినారాయణ కస్తూరి వైపు నడిచాడు. తనకు తెలిసిన పనే కదా. దగ్గరికెళ్లి "కట్" అన్నాడు.

కస్తూరి లేవలేదు.

మళ్లీ అన్నాడు. గొంతు పెంచి అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాటకు అది లేవని రోజు లేదు. అప్పుడు దాని చెవి చూశాడు. తన వైపు లేదు. పడి ఉన్న గుర్రాలన్నీ చెవులు ఒకే వైపు తిప్పుకుని ఉన్నాయి, గోడవారనున్న చెక్క అరుగు వైపు. ఒకప్పుడు కెమెరా పెట్టే అరుగది. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు. ఖాళీ అరుగు ఏదో చెప్తున్నట్టు అవి వింటున్నాయి.

"ఎవరు పడేశారు నాన్నా వీటిని?" అని అడిగింది గీతిక.

కస్తూరి కంట్లో దుమ్ము పడుతోంది, రెప్ప వెయ్యడం లేదు. పక్కటెముకలు ఆడుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. గీతిక తలుపు దగ్గరికి పరిగెత్తి బాదింది. బయటికి వినపడాలంటే అది సౌండు రాని ఫ్లోరు కాకపోవాలి. ఏ గుణం చూసి ఈ చోటు ఎంచుకున్నారో అదే గుణం ఇప్పుడు తిరగబడింది.

ఆయన నేల మీద కూర్చుని గుర్రం మెడ మీద చెయ్యేశాడు. ఆలోచించాడు. కట్ ఒకళ్ల సొత్తు. పడేసినవాడే చెప్పాలి. ఇక్కడ పడేసింది తను కాదు. కానీ షూటింగులో ఎవరి సొత్తూ కాని మాట ఒకటుంది. డైరెక్టరన్నా, అసిస్టెంటన్నా, లైట్ల దగ్గర కూర్చున్నవాడన్నా అందరూ వింటారు. షాటు సరిగ్గా రాలేదు, మొదటికి రండి అని దాని అర్థం. పడ్డ గుర్రాలు లేచి మొదట నిలబడ్డ చోటికి పోవాలి. ఆ మాట ఎవరి నోట విన్నా లేవమని నేర్పిందీ ఆయనే.

"వన్ మోర్!" అని అరిచాడు.

కస్తూరి లేచింది. గదుల్లో గుర్రాలన్నీ లేచాయి, గిట్టల చప్పుడుతో ఫ్లోరు దడదడలాడింది. ఖాళీ గదిలోనూ లేచింది. గిట్టలు రబ్బరు మీద ఆనిన చప్పుడు, ఒళ్లు విదిలించిన చప్పుడు స్పష్టంగా వినపడ్డాయి. ఊక ఎగిరి మళ్లీ నేల మీద పడింది. అక్కడేమీ లేదు.

తలుపు తెరుచుకుంది. మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకుంటూ నచ్చిందా సర్ అన్నాడు. గుర్రాలు కూలాయని గీతిక చెబితే, మధ్యాహ్నం అన్నీ ఒకేసారి రెస్టు తీసుకుంటాయి మేడం, రివ్యూల్లో అందరూ అదే మెచ్చుకుంటారు అన్నాడు. మరి లేపేదెవరని అడిగింది. అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"అవే లేస్తాయిగా మేడం."

కస్తూరిని వ్యాను ఎక్కించి నేరుగా శంకర్‌పల్లి పోనిమ్మన్నాడు ఆదినారాయణ. జంగమ్మ గేటు తీసింది. కస్తూరి దిగగానే అక్కడి గుర్రాలు పళ్లు బయటపెట్టి సకిలించాయి. ఒకటి కరవబోయింది. ఈగలు ముసిరాయి. పేడ కంపు. గీతికకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"జర్ర గలీజుంది బిడ్డా, ఏమనుకోకు," అంది జంగమ్మ. "పానం మటుకు మంచిగుంటది."

తిరిగొచ్చేటప్పుడు కస్తూరి వాళ్ల వెంట గేటు దాకా వచ్చింది. ఆదినారాయణ వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతాడని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే జంగమ్మ ఫోన్ చేసింది. గుర్రం మంచిగుంది, మేత తిన్నది, కానీ ఒంటికి ఊక పూసుకుంది, మీరు రోజూ కడిగేటోళ్లు కదా అని చెప్తున్న అంది. గీతిక తండ్రి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏ పక్కకు జంగమ్మా?"

"గదేం అడుగుడు? కుడి దిక్కు."

ఆదినారాయణ చొక్కా వేసుకున్నాడు. కూతురు ఎక్కడికని అడిగింది. ఆమె అడ్డం నిలబడితే అప్పుడు చెప్పాడు.

"వన్ మోర్ అని వచ్చేశానే. వాటిని ఫస్టు పొజిషన్లో నిలబెట్టి వచ్చేశాను. ఎవరో ఒకరు యాక్షనంటే మళ్లీ పడాల్సిందేగా."

షూటింగు మనిషికి తప్ప ఇంకొకరికి ఈ బాధ అర్థం కాదు. ఎండలో నిలబెట్టి మర్చిపోతే, మాట వచ్చేదాకా నిలబడాల్సిందే. ఎంతమంది జూనియర్ ఆర్టిస్టులు అలా నిలబడి సొమ్మసిల్లారో ఆయన చూశాడు. వాళ్లయినా తిట్టుకుంటారు. గుర్రాలకు అదీ లేదు.

ఫ్లోరు దగ్గర మేనేజరు కనపడలేదు. తలుపు మూసి ఉంది. పైన తెగిన వైర్లు గాలికి ఊగుతున్నాయి. ఎర్రబల్బు వెలుగుతోంది.

జీవితంలో ఎన్నడూ ఆ లైటు కింద తలుపు తియ్యని మనిషి. గొళ్లెం మీద పెట్టిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఇక్కణ్నుంచే అరుద్దామనుకున్నాడు. కానీ బయటి మాట లోపలికి పోదు. అదే కదా ఈ ఫ్లోరు గొప్ప.

తీశాడు.

గుర్రాలన్నీ నిలబడి ఉన్నాయి, నిన్న నిలబెట్టి వెళ్లినట్టే. తొట్లలో మేత ముట్టినట్టు లేదు. చెవులన్నీ అరుగు వైపు ఉన్నాయి. ఆయన అరుగు వైపు చూడలేదు. ధైర్యం చాల్లేదు. చూడాల్సిన పని కూడా లేదు.

"ప్యాకప్," అన్నాడు. గట్టిగా మళ్లీ అన్నాడు. "ప్యాకప్ నాయనా. అయిపోయింది. ఇక పడక్కర్లేదు."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నల్లది ముక్కుల్లోంచి పొడుగ్గా ఊపిరి వదిలింది. చుక్కబొట్టుది తల దించి ఊకను మూచూసింది. ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోటీ తన తీరున, తిరిగి తిరిగి చోటు చూసుకుని పడుకోసాగాయి. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి. ఎవరిష్టం వాళ్లది.

ఆయన తలుపు వెయ్యబోతూ చివరి గది వైపు చూశాడు. ఖాళీ గదిలో ఊక కొంచెం కొంచెంగా, ఏదో పెద్ద బరువు కుడి పక్కకు ఒరుగుతున్నట్టు, నొక్కుకుపోతోంది.