సీసాలో మధ్యాహ్నం

సాయంత్రం ఆరింటికి పాలసీసా మూత తీయగానే మా ఇంట్లో మధ్యాహ్నం పన్నెండవుతుంది.

ఎండ సీసా మూతిలోంచి వచ్చి ముందు నా చేతుల మీద, తర్వాత చాప మీద, ఆ తర్వాత గుమ్మం దాకా పడుతుంది. వీధిలో మాత్రం ఆరే. గూటికి పోతున్న కాకి మా గుమ్మం ముందు కాసేపు ఆగి, తికమకపడి, మళ్ళీ పనికి పోతుంది.

నా మనవరాలు జస్విత పాలు తాగుతుంది. దానికి ఆరో నెల. తాగినంతసేపూ కళ్ళు విప్పార్చి నన్నే చూస్తుంది. తాగాక కూడా చూస్తుంది. దాని నీడ మిట్టమధ్యాహ్నపు నీడలా పొట్టిగా, వీపు కిందే నక్కి ఉంటుంది. అది నిద్రపోయి తొమ్మిది రోజులైంది. దాని తల్లి లోవకుమారి, నా కూతురు, రొయ్యల ఫ్యాక్టరీలో మళ్ళీ రాత్రి షిఫ్టుకి ఎక్కీ తొమ్మిది రోజులే.

పక్కింటి సువార్త చాటనిండా అప్పడాలు తెచ్చి మా ఎండలో పరుస్తుంది. మా వీధికి ఆశా కార్యకర్త తనే.

"పిన్నీ, ఇంకో సీసా ఉంటే అదీ తియ్యవా? నిన్నటివి సగం పచ్చిగానే ఉండిపోయాయి."

"పిల్లకి నిద్ర లేక నేను చస్తుంటే నీ అప్పడాల గోలేంటే?"

"ఊరికే పోయే ఎండే కదా అని."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి జస్విత కంటిరెప్పను రెండు వేళ్ళతో పట్టి ఎండకు ఎత్తి చూస్తుంది. రెప్పలోంచి అవతలి గోడ కనిపిస్తుంది.

"ఉల్లిపొరలా అయిపోయాయి పిన్నీ. వాడకపోతే కరిగిపోతాయి ఇవి. శుక్రవారం దాకా ఆగుతాయేమో. ఆ తర్వాత మూసుకోడానికి ఏమీ ఉండదు."

"మందు లేదా?"

"ఉంది. నిద్రే."

ఈ రోజు బుధవారం. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తాను. నేను చదువు నేర్చుకున్నది క్యాలెండరు మీదే. బడికి పోలేదు. మొదట చదవగలిగిన మాటలు వర్జ్యం, దుర్ముహూర్తం. అందుకే నాకు మంచి ఘడియల కంటే చెడ్డ ఘడియలు ముందు తెలుసు.

సీసాలోంచి వచ్చిన ఎండ క్యాలెండరు కాయితంలోంచి దూరిపోతుంది. వెనకవైపు అచ్చు వేసిన వ్యాసం అద్దంలోలా తిరగబడి పైకి తేలుతుంది. నాకు నేనే నేర్చుకున్న చదువు కాబట్టి ఎటునుంచి చదివినా అంతే కష్టం. చదువుతాను.

మొదటి నెలల్లో బిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలియదట. తల్లి పాలే ఆ కబురు మోసుకొస్తాయట. రాత్రి వచ్చే పాలలో నిద్ర పట్టించే పదార్థం ఉంటుందట, పొద్దుటి పాలలో మేల్కొలిపేది ఎక్కువట. పాలు పిండి దాచేవాళ్ళు సీసా మీద గంట రాసుకోవాలట, పగటివి పగలు, రాత్రివి రాత్రి పట్టాలట.

నాకు ఒళ్ళు మండుతుంది. ఇంత పెద్ద సంగతి కాయితం వెనకవైపు వేస్తారా? రాహుకాలం ముందువైపునా?

లోవ మధ్యాహ్నం పన్నెండింటికి పాలు పిండి సీసాలో పెడుతుంది. నేను వాటిని సాయంత్రం నుంచి తెల్లవారేదాకా పడుతున్నాను. తొమ్మిది రోజులుగా నా మనవరాలు మిట్టమధ్యాహ్నమే తాగుతోంది.

*

గురువారం పొద్దున ఏడింటికి లోవ ఇంటికి వస్తుంది. ఫ్యాక్టరీ చలిగదిలో పనిచేసిన చేతులు ఇంకా తెల్లగా ఉన్నాయి.

"రాత్రి పాలు ఏం చేస్తన్నావే?" అంటాను.

"రెండింటికి పది నిమిషాలు వదుల్తారు. బాత్రూం పక్కగదిలో సీసాల్లో పడతాం. పదకొండు మందిమి."

"ఆ సీసాలేవి?"

"గేటు దాటనివ్వరమ్మా. షిఫ్టులో తయారైంది ఏదైనా కంపెనీదే."

"రొయ్యలంటే కంపెనీవి. పాలు కూడానా?"

"చేరినప్పుడు సంతకం పెట్టాం."

"చదవకుండా ఎలా పెట్టావే?"

"నువ్వు చదివే పెట్టావా, కువైట్ వెళ్ళేప్పుడు?"

కోపంగా అనదు. రొయ్యకు తల విరిచినట్టు, ఒక్క విరుపుతో అనేసి చాప మీద పడుకుంటుంది. రెప్పల కింద దాని కళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ అంతే. మా లోవ పడుకుంటుంది గానీ నిద్రపోదు.

నేను కువైట్ వెళ్ళినప్పుడు దానికి ఎనిమిది నెలలు. అక్కడ ఒక ఇంట్లో వాళ్ళ పాపను చూసుకోవడం నా పని. పాప ఏడిస్తే జోలపాట పాడేదాన్ని. రాత్రి రెండింటికి రొమ్ములు రాళ్ళయిపోతే బాత్రూంలోకి వెళ్ళి వాష్‌బేసిన్‌లో పిండేసేదాన్ని. పన్నెండు రాత్రులు. పదమూడో రాత్రికి పాలు ఇంకిపోయాయి. తిరిగి వచ్చేసరికి లోవ నన్ను ఆంటీ అంది.

*

సాయంత్రం అయిదింటికి ఫ్యాక్టరీ బస్సు వీధి చివర ఆగుతుంది. డ్రైవరు కిటికీలోంచి లోవ పేరు పిలుస్తాడు. పేరు పిలిస్తే చాలు, లోవ ఉన్నచోట చెప్పులు మాత్రం మిగులుతాయి. రోజూ ఇంతే. చెప్పు కుడిదైతే కుడివైపుకి, ఎడమదైతే ఎడమవైపుకి కాస్త ఒరిగి, ఇప్పుడే ఎవరో కాళ్ళు తీసినట్టుంటాయి.

ఈ రోజు ఆ చెప్పులు నేను తొడుక్కుంటాను. వాటికి దారి తెలుసు. ఒక భుజాన జస్విత, ఇంకో చేతిలో మూత తీసిన సీసా. చెప్పులు నడుస్తాయి, నేను వెంట వెళ్తాను. చెరువు గట్ల మీద చీకటి పడుతోంది. మేం నడిచినంత మేర మధ్యాహ్నం.

గేటు దగ్గర వాచ్‌మన్ మా ఎండ చూసి భోజనాల వేళ అనుకుని గేటు తీస్తాడు.

మేనేజరు గదిలో బల్ల ఉంది. ఆయన ఆ చివర, నేను ఈ చివర. బల్ల మామూలు బల్లే, నాలుగు మూరలు. నేను అర్జీ ఇస్తాను. పాత నెల క్యాలెండరు కాయితం మీద నా చేత్తో రాసుకొచ్చాను: అయ్యా, మా మనవరాలి రాత్రులు పది మీ దగ్గర ఉండిపోయాయి, దయచేసి ఇప్పించగలరు.

"తేదీ వెయ్యలేదు మామ్మగారూ," అంటాడు మర్యాదగా.

బల్ల ఒక మూర పొడుగవుతుంది.

"ఈ పిల్ల రెప్పలు రేపటికి కరిగిపోతాయండి. దాని తల్లి రాత్రి పాలు ఒక్క సీసా ఇవ్వండి చాలు."

"అవి రొయ్యలకి వాడేస్తున్నామండి."

బల్ల ఇంకో రెండు మూరలు సాగుతుంది.

"రొయ్యలకి పాలెందుకండి?"

"నిద్రకి. ఇక్కణ్ణుంచి ఓడెక్కి నెల్లాళ్ళు ప్రయాణం. మధ్యలో మేలుకుంటే మాకు మాటొస్తుంది."

"తలలు తీసేశారు కదా. తల లేనివి ఎలా మేలుకుంటాయి?"

"అదేనండి మా భయం."

ఆయన ఇప్పుడు ఏటి అవతలి ఒడ్డున మనిషంత చిన్నగా ఉన్నాడు. గొంతు మాత్రం నా చెవి పక్కనే ఉంది. "వాటికి మధ్యాహ్నం తగలకూడదండి. ఆ సీసాకి కాస్త మూత పెడతారా?"

"పిల్లలకి లేని నిద్ర రొయ్యలకా?" అంటాను. "ఎవరికి పుట్టిన పాలు ఎవరికి పోస్తున్నారు? మీ ఇంట్లో పిల్లలు లేరా?"

"ఉన్నారండి. చక్కగా నిద్రపోతారు."

ఆ మాట ఆయన చెడ్డగా అనలేదు. అందుకే నాకు ఇంకా మండుతుంది.

"పోనీ, మీ అమ్మాయి పాలు ఏవో గుర్తుపట్టి తీసుకెళ్ళండి," అంటాడు.

*

చలిగదిలో ఎప్పుడూ రాత్రి రెండే. నా సీసాలోని ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోయి, చెప్పులు విడిచిన చుట్టంలా బయట నిలబడుతుంది.

తెల్లటి పాలగడ్డలు ఇటికల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కో గడ్డలో వంద రొయ్యలు ముడుచుకుని నిద్రపోతున్నాయి. పేరు లేదు, గంట లేదు. పదకొండు మంది పాలూ ఒకే తొట్టిలో కలిపేశారట. నేను ఒక్కో గడ్డ మీదా చెయ్యి పెట్టి చూస్తాను. నా కూతురిది ఏదో నాకు తెలియదు. దాన్ని వదిలి వెళ్ళినదాన్ని, నాకెలా తెలుస్తుంది?

జస్విత నా భుజం మీద నుంచి మెడ తిప్పుతుంది. అన్నిటికంటే అడుగున, గోడ మూల ఒక గడ్డ ఉంది. దానిలో రొయ్యలు లేవు. గుండ్రంగా, లోతుగా, మధ్యలో చిన్న బెజ్జంతో ఉంది. వాష్‌బేసిన్ ఆకారం.

నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను.

"అది మాది కాదండి," అని మేనేజరు గొంతు వినిపిస్తుంది. "మేం కట్టకముందు నుంచీ ఉంది. పారబోసినవన్నీ కాలవల్లోంచి సముద్రంలోకొచ్చి, ఇక్కడికే చేరతాయండి. దాని చలవ మీదే ఇదంతా నిలబడింది. కదపకండి."

"ఇది ఏ షిఫ్టులో తయారైంది?"

రిజిస్టరు కాయితాలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది.

"మా షిఫ్టు కాదండి."

"అయితే గేటు తీయించండి."

గడ్డను చీరకొంగులో కట్టుకుంటాను. ముప్పై రెండేళ్ళ నాటి చలి నా పొట్టకు తగులుతుంది. బయటికి వచ్చే దారిలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరికీ తెల్ల టోపీ, తెల్ల ముసుగు. ఒకరి చేతులు మాత్రం ఆగిపోతాయి. నేను పిలవను. పేరు పిలిస్తే మా లోవ ఎటో వెళ్ళిపోతుంది.

*

ఇంట్లో సువార్త అప్పడాలు ఎత్తుకోకుండా నా కోసం కూర్చుని ఉంది. గడ్డలోంచి ఒక రాత్రంత ముక్క విరిచి ఉగ్గుగిన్నెలో కరగనిస్తాను. నేలంతా మిగిలి ఉన్న మధ్యాహ్నం మీద అరచేతి వెడల్పున నల్లటి రాత్రి పడుతుంది. అది మెల్లగా చాప మీదికి పాకుతుంది.

"అయ్యో పిన్నీ, నా అప్పడాలు మెత్తబడిపోతున్నాయి," అంటుంది సువార్త. చాట ఎత్తుకోదు. జస్విత వైపే చూస్తుంది.

కాళ్ళు చాపి, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి, గిన్నె ముక్కు పెదవికి ఆనిస్తాను. జస్విత నాలుగు గుక్కలు తాగుతుంది. అయిదో గుక్కకి రెప్పలు తెల్లబడతాయి, చిక్కబడతాయి, మీగడ కట్టినట్టు మూసుకుంటాయి. దాని నీడ వీపు కిందనుంచి మెల్లగా బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, చాప మీద పొడుగ్గా పడుకుంటుంది.

సువార్త రెప్పను వేలితో తాకి చూస్తుంది. "మందం వచ్చింది," అంటుంది చిన్నగా.

శుక్రవారం పొద్దున లోవ గుమ్మంలో నిలబడి నిద్రపోతున్న కూతుర్ని చూస్తుంది. తర్వాత నా కొంగులోని గడ్డను చూస్తుంది.

"అదేంటి?"

"నీదే. ముప్పై రెండేళ్ళ నాటిది."

"ఇప్పుడిస్తున్నావా?"

కాళ్ళు చాపుతాను. లోవ సంచి పక్కన పెట్టి, వచ్చి నా కాళ్ళ మీద పడుకుంటుంది. దాని కాళ్ళు గుమ్మం దాటి వీధిలోకి ఉంటాయి. గడ్డలోంచి రెండు రాత్రులు విరిచి కరిగించి పడితే తాగుతుంది. "చేదుగా ఉంది," అంటుంది. మూడోది సగంలో దాని కళ్ళు తిరగడం ఆగిపోతుంది. కాళ్ళు వీధిలోంచి ఇంట్లోకి వస్తాయి, తర్వాత చాప మీదికి, తర్వాత నా మోకాళ్ళ దాకా. సాయంత్రం అయిదింటికల్లా మా లోవ ఎనిమిది నెలల పిల్లంత ఉంటుంది. జస్విత పక్కన పడుకోబెడతాను. ఇద్దరిదీ ఒకే ఊపిరి.

బస్సు వస్తుంది. డ్రైవరు పేరు పిలుస్తాడు. చాప మీద ఎవరూ కదలరు. రెండోసారి పిలుస్తాడు.

"ఏం మామ్మగారూ, రాదా?"

"రాదు. దాని బదులు ఇది తీసుకెళ్ళు."

మిగిలిన మధ్యాహ్నం సీసా మూత తీసి వాడి చేతికిస్తాను. వాడు దాన్ని లోవ సీట్లో కూర్చోబెడతాడు. బస్సు అన్ని కిటికీల్లోంచీ ఎండ కక్కుకుంటూ చెరువుగట్టు ఎక్కి ఫ్యాక్టరీ వైపు పోతుంది. ఒక బండి వెళ్ళిపోతుంటే ఇంట్లో నిలబడి భయపడకుండా చూడడం నాకు ఇదే మొదలు.

గంట తర్వాత ఫోను మోగుతుంది.

"మామ్మగారూ," అంటాడు మేనేజరు. గొంతు ఇప్పుడు చాలా దూరంలో ఉంది. "రొయ్యలు మేలుకున్నాయండి."

"మేలుకోనివ్వండి."

"వాటి తల్లెవరని అడుగుతున్నాయండి. ఏం చెప్పమంటారు?"

ఫోను పెట్టేస్తాను. అప్పటికే గట్టు మీద చప్పుడు. తడి ఇసుక మీద వేల కాళ్ళ చప్పుడు. మా వీధిలోకి తిరిగి, సువార్త ఇంటిని దాటి, మా గుమ్మం ముందు వరస కడతాయి. తలలు లేవు కాబట్టి ఏడుపు లేదు. ఒకదాన్నొకటి తోసుకోవు.

"ఇద్దరు నిద్రపోతున్నారు, చప్పుడు చెయ్యకండి," అంటాను.

చప్పుడు ఆగిపోతుంది.

కొంగు విప్పి చూస్తాను. గడ్డలో ఇంకా ఎనిమిది రాత్రులున్నాయి. గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుతాను. మొదటి రొయ్య నా కాళ్ళ మీదికెక్కి, ఒంపు తిరిగి, వెల్లకిలా పడుకుంటుంది. తల ఉండాల్సిన చోటు చూసి ఉగ్గుగిన్నె ముక్కు అక్కడ ఆనిస్తాను. అది తాగుతుంది.