వేస్ట్ ఫోల్డర్

దంతాలపల్లిలో పెళ్లంటే యాకయ్య కెమెరా ఉండాల్సిందే. ఊరందరి మొహాలూ తీసిన మనిషి పోయాక, ఫ్లెక్సీకి ఆధార్ కార్డు ఫోటోయే దిక్కయింది. అందులో ఉన్నది ఆయనంటే ఎవరూ నమ్మరు. వచ్చే వారం సంవత్సరికానికీ ఆ మొహానికే దండ వేయాలంటే భార్య యమునకు మనసొప్పలేదు.

స్టూడియో కంప్యూటర్ నిండా పెళ్లిళ్లే. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఈ జన్మకు తెమలదు. జనగామలో కంప్యూటర్లు బాగుచేసే తిరుపతి ఫోన్లో ఒక కమాండ్ చెప్పి టైపు కొట్టమన్నాడు. కొట్టగానే లోపలి ఫైళ్ల పేర్లన్నీ వరసగా ఒకే జాబితాగా ఒక ఫైల్లోకి వచ్చిపడ్డాయి. యాకయ్య పేరు కోసం యమున వెతికింది. ఊళ్లో సగంమంది ఉన్నారు, ఆయన లేడు. ప్రతి పెళ్లి కిందా ‘వేస్ట్’ అని ఒక ఫోల్డర్ మాత్రం ఉంది.

"గా వేస్ట్ తీసెయ్ అక్కా, డిస్క్ నిండింది," అన్నాడు తిరుపతి.

తీసేసింది. జాబితా చూసుకుంటూ ఒక్కటీ వదల్లేదు. ఏ పనైనా శుభ్రంగా చేయడం ఆమెకు అలవాటు, ఏం చేస్తాం. ఆ ఖాళీలో, ఆయన పోయాక తను తీసిన కొత్త పెళ్లి ఫోటోలు ఎక్కించింది.

మర్నాడు గ్రేస్, యాకయ్య తీసిన తన పెళ్లి ఫోటోల ఇంకో కాపీ కోసం వచ్చింది. గోడ మీది ఆధార్ మొహం చూసి నవ్వింది.

"యాకన్న గిట్ల బిగుసుకొని ఎప్పుడు కూసున్నడక్కా? మా పెండ్లిల ముందుగాల మా ఆయన కుర్చీల తనే కూసొని, లైటు సూస్తున్న అని నవ్వుకుంట తన ఫోటో తనే తీసుకున్నడు. ప్రతి పెండ్లిల గంతేనట. గవి ఏం చేస్తవన్నా అంటే, వేస్ట్‌ల పడేస్త అన్నడు."

యమున పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపి, తిరుపతికి ఫోన్ చేసింది.

"వాటి మీదనే కొత్తవి ఎక్కించినవ్ కదక్కా. ఇగ రావు."

జాబితా మళ్లీ తెరిచింది. గ్రేస్ పెళ్లి, వేస్ట్, లైట్ ఒకటి, లైట్ రెండు. ఫోటోలు పోయినా, ముందే తీసిన జాబితాలో పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊళ్లో ప్రతి పెళ్లికొడుకు కుర్చీలోనూ ఆయన నవ్వుతూ కూర్చున్నాడు, యమునే ఒక్కసారీ చూడలేదు. చేతులారా తుడిచేసుకుంది. కాసేపటికి గ్రేస్ నంబరు కలిపింది.

"గ్రేస్, ఆ దినం మీ యాకన్న ఏ అంగి ఏసుకున్నడో జర యాదికి తెచ్చుకొని చెప్తవా?"