గ్లాషా వంతెనలో సగం

గీత గీసిన పెద్దమనుషులు ఎక్కడో రాజధానిలో కూర్చుని గీశారు. కౌంటీని ఎన్నికల ప్రాంతాలుగా కోసి, ఒక్కో ప్రాంతానికీ ఒక కమిటీ పెట్టి, రోడ్లూ వీధిదీపాలూ కాలిబాటలూ ఆ కమిటీల చేతికిచ్చారు. బాగానే ఉంది. కానీ ఈసారి కొత్త గీత గ్లాషా ఏటి నడిమధ్యగా పోయింది. ఒకే చర్చి, కర్రలతో బంతి కొట్టే హర్లింగ్ ఆటకు ఒకే జట్టు ఉన్న డ్రమ్‌లాహన్ ఊరు రెండు చెక్కలైంది. ఉత్తరపు గట్టు క్యారిగ్‌బెగ్ ప్రాంతంలోకి, దక్షిణపు గట్టు బాలిరోన్ ప్రాంతంలోకి పోయాయి.

ఏటి మీద వంతెన ఇరుకు. కాలిబాట లేదు. బడి దక్షిణపు గట్టున ఉంది. ఉత్తరపు గట్టున ఉండే నోరీన్ హెఫర్నన్ కూతురు ఈఫా రోజూ ఆ వంతెన దాటే బడికి వెళ్లాలి. కిందటి చలికాలం పాల లారీ అద్దం ఆ పిల్ల పుస్తకాల సంచీ పట్టీని లాక్కుపోయింది. పిల్ల గోడకు అతుక్కుని బతికింది. నోరీన్ రెండు కమిటీల గుమ్మాలూ ఎక్కి దిగింది. వంతెనలో సగమే మాది, ముందు వాళ్లనడగమని వీళ్లూ, వీళ్లనడగమని వాళ్లూ అన్నారు. బాలిరోన్ కమిటీ పెద్ద ఫింటన్ స్కల్లీ అయితే, "సగం కాలిబాట వేస్తే పిల్లలు మధ్యలోంచి ఎగరాలా అమ్మా?" అని నవ్వాడు కూడా.

ఆ నవ్వుకే నోరీన్‌కు ఒళ్లు మండింది. పోయి క్యారిగ్‌బెగ్ ప్రాంతంలో ఎన్నికలకు నిలబడింది.

ఓట్లడగడానికి ఉత్తరపు గట్టంతా తిరిగింది. దక్షిణపు గట్టుకూ వెళ్లింది. వాళ్లది వేరే ప్రాంతం, తనకు ఓటేసే వీల్లేదని ఆమెకు తెలుసు. అయినా సొంత ఊళ్లో ఒక గడప ఎక్కకుండా పోతే ఆ మాట మనవల కాలం దాకా నిలిచిపోతుంది. ప్రతి ఇంట్లోనూ టీ పోశారు, ఎండుద్రాక్ష రొట్టె కోసి వెన్న రాసి పెట్టారు. "మా ఓటు నీకు కాక ఇంకెవరికే పిచ్చిదానా!" అన్నారు. తినే రొట్టె చేతిలో ఉండగా, మీ ఓటు నాకు చెల్లదు అని ఎలా చెబుతుంది? వాళ్లకూ తెలిసే మర్యాదకు అంటున్నారనుకుంది. నవ్వి, ఇంకో ముక్క తీసుకుంది.

లెక్కింపు రోజు కౌంటీ ఆటల హాలు తిరునాళ్లలా ఉంది. అన్ని ప్రాంతాల బల్లలూ అక్కడే. నోరీన్ బాబాయ్ డిన్నీ కోస్టెల్లో అడ్డకమ్మీ మీదికి వంగి, తెరుస్తున్న ప్రతి ఓటునూ డేగలా చూస్తున్నాడు.

"ఏం బాబాయ్?"

"ఊపిరి పీల్చుకోనీవే! చివరి సీటుకి నువ్వూ, ఆ కోళ్లఫారం ఆయనా. వెంట్రుకవాసి తేడా. ఇంకా ఆ నాక్‌బ్రాక్ ఊరివాడు ఓడిపోవాలి, వాడి ఓట్లు పంచాలి."

ఇక్కడ ఒక్కో ప్రాంతానికీ చాలా సీట్లు; ఓటరు ఒక్కరి పేరుతో ఆపడు. ఒకటి, రెండు, మూడు అని వరుస పెడతాడు. ఓడినవాడి ఓటు ఆ తర్వాతి పేరుకు పోతుంది. కానీ నాక్‌బ్రాక్ అంటే హర్లింగ్‌లో డ్రమ్‌లాహన్‌కు ఆగర్భ శత్రువు. రెండూళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"వాళ్లు మనకి మంచినీళ్లు కూడా పొయ్యరే," అన్నాడు డిన్నీ.

అంతలో బాలిరోన్ బల్ల దగ్గర ఘొల్లున నవ్వులు లేచాయి. "ఓ హెఫర్ననమ్మా, ఇటు రా! నిన్నిక్కడ కూడా నిలబెట్టారు!" అని ఎవరో కేక వేశారు.

నోరీన్ పరుగెత్తింది. అధికారి చెల్లని ఓట్లను ఒక్కొక్కటే ఎత్తి చూపించి పక్కన పెడుతున్నాడు. అచ్చయిన పేర్లన్నిటి కింద, ఖాళీ జాగాలో, కలంతో రాసిన పేరు: నోరీన్ హెఫర్నన్. దాని పక్కన ఒకటి అంకె. కాగితం తర్వాత కాగితం. వణికే ముసలి చేతులు రాసినవి, పెద్ద పెద్ద అక్షరాలవి. ఒకరైతే "పేరు మర్చిపోయారు, మేం రాశాం" అని అధికారులకు సాయం కూడా చేశారు.

"చెల్లదు," అన్నాడు అధికారి. "చెల్లదు. చెల్లదు."

హాలంతా నవ్వుతోంది. నోరీన్‌కు మాత్రం కళ్లు మసకబారాయి. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఇంతమంది ఓట్లు మట్టిపాలయ్యేవా అని సిగ్గేసింది. సిగ్గుతో పాటే, నన్ను ఇంత ప్రేమించారా అని గుండె పొంగింది.

ఆ బల్ల దగ్గర నవ్వనివాడు ఒక్కడే, ఫింటన్ స్కల్లీ. చివరి సీటు చచ్చీ చెడీ గెలిచాడు. గెలిచిన తేడా చిన్నది. చెల్లని కుప్ప పెద్దది. అతను ఒకసారి కుప్పను చూశాడు, ఒకసారి నోరీన్‌ను చూశాడు.

"నోరీనూ! రావే తల్లీ, రా!" డిన్నీ గొంతు చిరిగిపోయేలా అరుస్తున్నాడు.

నాక్‌బ్రాక్ వాడు ఓడిపోయాడు. అతని ఓట్లు పంచుతున్నారు. కట్ట మీద కట్ట నోరీన్ వైపే వచ్చి పడుతున్నాయి! డిన్నీ కళ్లు తేలేశాడు.

"ఏందయ్యా ఇది? మీకేమైనా జబ్బు చేసిందా?" అని పక్కనున్న ఓ నాక్‌బ్రాక్ మనిషిని పట్టుకుని ఊపేశాడు.

"ఆటలో మీ నడుములు విరగ్గొడతాం, అది వేరే," అన్నాడతను. "మా బడి మూసేశాక మా పిల్లలూ మీ బడికే కదా. ఆ దిక్కుమాలిన వంతెన మీంచే కదా నడుస్తున్నది."

నోరీన్ గెలిచిందని ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. డ్రమ్‌లాహన్ ఆడపడుచును నాక్‌బ్రాక్ మగవాళ్లు భుజాలకెత్తుకున్నారు. ఇలాంటి వింత ఆ కౌంటీలో ఎవడూ ఎరగడు. ఈఫా కిందనుంచి అమ్మ బూటు పట్టుకుని గెంతుతోంది.

దించాక స్కల్లీ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"అభినందనలమ్మా. ఆ వంతెన సంగతి... మీ కమిటీ మీ సగం మొదలుపెడితే, వెంటనే మా సగం నేను చూస్తాను."

"లేదు స్కల్లీ గారూ," అంది నోరీన్, ముక్కు తుడుచుకుంటూ. "ముందు మీ గట్టు నుంచే మొదలుపెట్టండి. నాకు ఓటేసినవాళ్లు అక్కడున్నారు."